‘లైఫ్‌టైమ్’ అంటే ఎన్ని కిలోమీటర్లు? కార్ల కంపెనీలకు బెజవాడ ఆటోనగర్ నుంచి బహిరంగ లేఖ

మన దేశంలో ఆటోమేటిక్ కార్లు తయారు చేసి అమ్ముతున్న కంపెనీల సర్వీసు విభాగాల పెద్దలకు,

నమస్కారం.

నేను విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో గేర్‌బాక్సుల పని చేస్తాను. లారీ గేర్‌బాక్సులు విప్పడంతో మొదలుపెట్టాను. పదకొండేళ్లుగా ఆటోమేటిక్ కార్ల మీదే ఉన్నాను. మిమ్మల్ని ఒక్క సంగతి అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. కారు కొన్నవాళ్లకి గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చాలో, ఏ ఆయిల్ పోయాలో, ఎంత పోయాలో సూటిగా చెప్పండి. "లైఫ్‌టైమ్ ఆయిల్ సార్, మార్చక్కర్లేదు" అనే మాట మీ సర్వీస్ సెంటర్ల వాళ్ల నోట ఇక రాకుండా చూడండి.

మొన్న ఏప్రిల్లో గుడివాడ వైపు నుంచి రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన కారు తెచ్చారు. డీజిల్ బండి, ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ (అదేమిటో కింద చెబుతాను) గేర్‌బాక్స్, మీటరు మీద 1,18,000 కిలోమీటర్లు. రెండు నుంచి మూడుకి మారేటప్పుడు వెనక నుంచి ఎవరో తోసినట్టు కుదుపు. అరవై, డెబ్భై స్పీడులో నిలకడగా పోతుంటే రంబుల్ స్ట్రిప్స్ మీద ఎక్కినట్టు సన్నటి వణుకు. మాస్టారి చంకలో ఒక ఫైలు. కారు కొన్న రోజు నుంచీ జరిగిన ప్రతి సర్వీసు బిల్లూ తేదీల వారీగా గుచ్చి పెట్టుకున్నారు. ఒక్క సర్వీసు తప్పలేదు, ఒక్కటీ ఆలస్యం కాలేదు.

"నాలుగుసార్లు అడిగాను నాయనా, గేర్‌బాక్స్ ఆయిల్ మార్చాలా అని. అది లైఫ్‌టైమ్ మాస్టారూ, మీరు దాని జోలికి పోకండి అన్నారు. వారంటీ అయిపోయాక కుదుపు వస్తోందని తీసుకెళ్తే గేర్‌బాక్స్ మొత్తం మార్చాలి, నాలుగు లక్షల పైన అవుతుంది అంటున్నారు. మరి లైఫ్‌టైమ్ అంటే ఎన్ని కిలోమీటర్లో ఒక అంకె చెప్పండయ్యా అంటే చెప్పరు" అన్నారాయన.

ఆ సర్వీస్ సెంటర్ పేరు ఇక్కడ రాయను. ఒక్క చోట వినపడే మాటైతే వాళ్లకే ఫోన్ చేసి చెప్పేవాణ్ణి. ఇదే మాట వేర్వేరు కంపెనీల బండ్ల వాళ్లు, వేర్వేరు ఊళ్ల వాళ్లు నాకు చెప్పారు. అందుకే మీకు రాస్తున్నాను.

మాస్టారి కారు లిఫ్ట్ ఎక్కించి డ్రెయిన్ బోల్టు విప్పాను. కొత్తప్పుడు దానిమ్మ రసంలా ఎర్రగా ఉండే ఆయిల్, పొద్దున్నుంచీ మరిగిన టీ డికాక్షన్‌లా దిగింది. రెండు వేళ్ల మధ్య రుద్ది వాసన చూస్తే మాడిన కంపు. ఆయిల్ నిలిచే పళ్లెం, అంటే పాన్ దించితే అడుగున అయస్కాంతాలకి కాటుక లాంటి బూడిదరంగు ముద్ద మందంగా అంటుకుని ఉంది. దాన్నీ వేళ్ల మధ్య నలిపి చూశాను. గరుకు తగల్లేదు, ఇనుప పెళ్లలు లేవు. అరుగుదల ఎక్కువే గానీ గేర్లూ బేరింగులూ బాగానే ఉన్నాయని అర్థం. ప్రాణం కుదుటపడింది.

మాస్టారికి అక్కడే ఒక సంగతి చెప్పాను. ఈ గేర్‌బాక్స్‌లో ఉండేది సుమారు ఏడు లీటర్లు. బోల్టు విప్పితే దిగేది అందులో సగమే. మిగతా సగం టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ గొట్టాల్లో, ఆయిల్‌ని దారి మళ్లించే వాల్వ్ బాడీ సందుల్లో ఉండిపోతుంది. ఆయన బిల్లు వెనక పెన్నుతో లెక్క వేశారు. ఒకసారి మారిస్తే పాతది సగం మిగులుతుంది, రెండోసారికి పావు, మూడోసారికి అరపావు. "గుణశ్రేఢి నాయనా ఇది, ఎప్పటికీ సున్నా కాదు, కానీ మూడో పదానికి పనికొస్తుంది" అన్నారు. అట్లాగే చేశాం. ఫిల్టరు మార్చి, మధ్య మధ్య నాలుగైదు వందల కిలోమీటర్లు తిప్పించి, మూడు విడతల్లో ఆయిల్ మార్చాం. వణుకు పోయింది. కుదుపు బాగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు, పోతుందని నేను మాటా ఇవ్వలేదు. అరిగిన క్లచ్ ప్లేటుని ఏ ఆయిలూ తిరిగి మొలిపించదు. ఆయనకి అయిన ఖర్చు పాతిక వేల లోపు. అరవై వేల దగ్గరే మార్చి ఉంటే అందులో సగం కూడా అయ్యేది కాదు, ఆ కుదుపూ వచ్చేది కాదని నా నమ్మకం.

ఈ ఆయిల్ ఏం చేస్తుందో మీ ఇంజనీర్లకి నేను చెప్పక్కర్లేదు. కానీ ఇది బహిరంగ లేఖ, కారు కొన్నవాళ్లూ చదువుతారు, కాబట్టి వాళ్ల కోసం చెబుతాను. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదానికి కరెంటిస్తే, దాని గాలికి రెండోది తిరుగుతుంది. టార్క్ కన్వర్టర్‌లో జరిగేది అదే, గాలి బదులు ఆయిల్. బండి కదిలేటప్పుడు ఇంజను బలం చక్రాలకి చేరేది ఆ ఆయిల్ ద్వారానే. లోపల క్లచ్‌లని పట్టించేదీ వదిలించేదీ ఆ ఆయిల్ ప్రెషరే. పుట్టిన వేడిని కూలర్ దాకా మోసుకెళ్లేదీ అదే. గేర్లకి జారుడూ అదే ఇవ్వాలి, క్లచ్ ప్లేట్లకి పట్టూ అదే ఇవ్వాలి. ఒకే ద్రవం ఒకచోట జారాలి, ఇంకోచోట పట్టాలి. అందుకే దాంట్లో కలిపే మందులు అంత సున్నితం. ఒకప్పుడు అమెరికాలో ఆ పట్టు కుదరడానికి స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవాళ్లు. ఆ తిమింగలాలకి రక్షణ కల్పించి 1970ల మొదట్లో అక్కడ ఆ నూనె ఆపేశాక, దానికి సరైన బదులు వెతుక్కోవడానికి కంపెనీలు చాలా అవస్థ పడ్డాయి. ఆ మందులు వేడికి, కాలానికి చచ్చిపోతాయి. ఇంజను ఆయిల్లో చేరే మసి దీంట్లో చేరదు, నిజమే, అందుకే దానికంటే ఎక్కువ కాలం వస్తుంది. కానీ క్లచ్ ప్లేట్ల నుంచి రాలే పొడి ఇందులోనే తిరుగుతుంది. ఆయిల్ ఎంత వేడెక్కితే అంత తొందరగా పాడవుతుంది. పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందని నూనెల పని చేసే వాళ్ల మోటు లెక్క.

మీ పక్షాన కూడా ఒక మాట ఒప్పుకోవాలి. ఇప్పటి సింథటిక్ ఆయిళ్లు పాతవాటి కన్నా ఎంతో మేలు. పాత బండ్లలో ముప్పై, నలభై వేలకే నల్లబడేవి. ఇప్పుడు ఎనభై వేల దాకా నిభాయించుకొచ్చేవి నేను చూశాను. నేను కాదనేది "జీవితాంతం" అనే మాటని.

ఎందుకు కాదంటున్నానంటే, మీ పుస్తకాలే ఆ మాటని ఒప్పుకోవడం లేదు. కొన్ని కంపెనీల మాన్యువల్ తీసి చూడండి. మామూలు వాడకం పట్టికలో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ ఎదురుగా "తనిఖీ అక్కర్లేదు, మార్చక్కర్లేదు" అని ఉంటుంది. ఆ వెనక పేజీల్లో చిన్న అక్షరాలతో కఠిన వాడకం పట్టిక ఒకటి ఉంటుంది. అక్కడ మాత్రం 1,00,000 కిలోమీటర్లకి మార్చాలని రాసి ఉంటుంది. కఠిన వాడకం అంటే ఏమిటో కూడా అక్కడే రాస్తారు: 32 డిగ్రీలు దాటిన ఎండలో రద్దీ ట్రాఫిక్‌లో నడపడం, తరచూ ఆగి కదలడం, దుమ్ము రోడ్లు, కొండ దారులు, బరువులు లాగడం.

అయ్యా, అది మా ఊరి వర్ణన. బెంజి సర్కిల్ దగ్గర సాయంత్రం ఆరింటికి లివర్ డీలో (ముందుకు నడిపే గేరులో) పెట్టి బ్రేక్ మీద కాలేసుకుని కూర్చున్న బండి, కదలకుండానే కన్వర్టర్‌లో ఆయిల్‌ని చిలుకుతూ ఉంటుంది. మే నెలలో ఇక్కడ ఎండ 44 డిగ్రీలు దాకా పోతుంది. సెలవులొస్తే అదే బండి నిండా జనం, డిక్కీ నిండా సామానుతో తిరుమల కొండ ఎక్కుతుంది, దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంది. మీ కఠిన వాడకం పట్టిక మాకు ఏడాదిలో పది నెలలు వర్తిస్తుంది. హైదరాబాద్, చెన్నై, నాగపూర్ వాళ్లకీ అంతే. మరి ఈ దేశంలో అమ్మే కారు పుస్తకంలో అది మొదటి పట్టిక ఎందుకు కాలేదు? సర్వీస్ అడ్వైజర్ కంప్యూటర్‌లో ఆ మామూలు పట్టిక ఒక్కటే ఎందుకు కనపడుతుంది?

గేర్‌బాక్స్ తయారుచేసిన వాళ్ల మాట ఇంకా తేటగా ఉంది. జర్మనీకి చెందిన జడ్‌ఎఫ్ కంపెనీ గేర్‌బాక్సులు ఎన్నో ఖరీదైన కార్లలో వస్తాయి. వాటిని బిగించి అమ్మే కార్ల కంపెనీలు కొన్ని ఆయిల్ లైఫ్‌టైమ్ అంటుంటే, ఆ జడ్‌ఎఫ్ మాత్రం నడిపే తీరుని బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకి ఆయిల్ మార్చమంటుంది. తల్లి మాట ఒకటి, పెంచుకున్నవాళ్ల మాట ఇంకొకటి అయితే బండి కొన్నవాడు ఎవరిని నమ్మాలి? గేర్లకి బదులు బెల్టు మీద నడిచే సీవీటీ బండ్లకి 40,000 కిలోమీటర్లకే ఆయిల్ మార్చాలని తమ పట్టికలోనే రాసిన కంపెనీ కూడా మన దేశంలో ఉంది. ఆ బండ్లు మా దగ్గరికి వస్తే పని హాయిగా ఉంటుంది. మార్చాల్సిన వేళకి మార్చి ఉంటారు, లోపల శుభ్రంగా ఉంటుంది.

ఇంకో కష్టం చెప్పాలి. షోరూముల్లో నాలుగు రకాల గేర్‌బాక్సుల్నీ "ఆటోమేటిక్" అనే ఒక్క మాట కింద అమ్ముతున్నారు. ఏఎంటీ అంటే నిజానికి మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పని, గేరు వేసే పని మిషను చేస్తుంది. దాంట్లో ఉండేది మామూలు గేర్ ఆయిల్. టార్క్ కన్వర్టర్ది వేరే ఆయిల్. సీవీటీలో ఉక్కు బెల్టు ఉక్కు పుల్లీని పట్టుకుని తిరగాలి కాబట్టి దాని ఆయిల్ పూర్తిగా వేరు. రెండు క్లచ్‌లుండే డీసీటీలో పొడిగా తిరిగే డ్రై క్లచ్ ఒక రకం, ఆయిల్లో మునిగి తిరిగే క్లచ్ ఇంకో రకం. పది లక్షలు పోసి కారు కొన్న మనిషిని "మీది ఏ గేర్‌బాక్స్ అండీ" అంటే "ఆటోమేటిక్" అంటారు. తప్పు వాళ్లది కాదు, ఎవరూ చెప్పలేదు.

ఈ గందరగోళంలో నేనూ ఒకసారి ఘోరం చేయబోయాను. సీవీటీ బండ్లు మా షెడ్డుకి కొత్తగా రావడం మొదలైన రోజులవి. ఆయిల్ షాపాయన "ఇది అన్ని ఆటోమేటిక్కులకీ సరిపోద్ది మేస్త్రీ" అని ఎర్ర ఏటీఎఫ్ (టార్క్ కన్వర్టర్ బండ్ల ఆయిల్) డబ్బాలు పంపాడు. మా కుర్రాడు సీవీటీలో పాత ఆయిల్ దింపేసి, కొత్తది రెండు లీటర్లు పోసేశాడు. దింపిన ట్రేలో ఆయిల్ ఆకుపచ్చగా ఉందేమిటా అని నాకు అప్పుడు వెలిగింది. స్టార్ట్ చేయనివ్వకుండా ఆపి, మొత్తం దింపి, సరైన ఆయిల్ తెప్పించి రెండుసార్లు కడిగి పోశాను. స్టార్ట్ చేసి రోడ్డెక్కించి ఉంటే, ఆ ఆయిల్‌కి బెల్టు జారి పుల్లీలు గీసుకుపోయేవి. ఆ కారు ఒక నర్సమ్మది, నైట్ డ్యూటీకి అదే ఆధారం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ బండికి ఏ ఆయిల్ పోయాలో బానెట్ కింద ఒక స్టిక్కరు ఉంటే చాలు, అది జరిగేది కాదు. ఎయిర్ కండిషనర్ గ్యాస్ పేరు, ఎన్ని గ్రాములో స్టిక్కరు వేస్తున్నారు కదా. గేర్‌బాక్స్ ఆయిల్‌కి ఎందుకు వేయరు?

గేర్‌బాక్స్‌లో ఆయిల్ లెవెల్ చూడటం గురించి కూడా రాయాలి, ఇది బయట చాలామందికి తెలియదు. పాత బండ్లకి ఆయిల్ ఎంతుందో చూసే డిప్‌స్టిక్ ఉండేది, కొత్తవాటిలో చాలావాటికి తీసేశారు. ఇప్పుడు బండిని సమానంగా లేపి, ఇంజను ఆన్ చేసి, బ్రేక్ తొక్కి పీ, ఆర్, ఎన్, డీ అన్నిట్లోకీ లివర్ మెల్లగా తిప్పి, స్కానర్‌లో ఆయిల్ వేడి చూసుకుంటూ ఉండాలి. కొన్ని గేర్‌బాక్సులకి 35 నుంచి 45 డిగ్రీల మధ్య, కొన్నిటికి 30 నుంచి 50 మధ్య లెవెల్ ప్లగ్ విప్పాలి. ఎక్కువైన ఆయిల్ సన్నటి ధారగా వస్తుంది. ధార తెగి చుక్కలు పడుతుండగా బిగించాలి. అంతకన్నా వేడి మీద విప్పితే వ్యాకోచించిన ఆయిల్ ఎక్కువ కారిపోయి, చల్లారాక లోపల తక్కువ పడుతుంది. మే నెలలో మా రేకుల షెడ్డులో మధ్యాహ్నం నిలబెట్టిన బండిలో ఆయిల్, ఇంజను స్టార్ట్ చేయకముందే 43 చూపిస్తుంది! ఈ పని మేం తెల్లవారుజామునే చేస్తాం. ముందురోజు రాత్రే బండి లిఫ్ట్ మీద పెట్టి చల్లారనిస్తాం. ఇంకో జాగ్రత్త, పాతది దింపకముందే పైన నింపే ప్లగ్ వదులవుతుందో లేదో చూసుకుంటాం. దింపాక అది రాకపోతే బండి అక్కడే కూలబడుతుంది. ఏ గేర్‌బాక్స్‌కి ఎన్ని డిగ్రీలో ఈ అంకెలు మేం ఎట్లా సంపాదించామంటే, ఒకళ్లనొకళ్లు అడిగి, విదేశాల వాళ్ల వీడియోలు చూసి, తప్పులు చేసి. మీ వర్క్‌షాప్ మాన్యువల్‌లో అది ఒక్క లైను.

ఆ లైను మాకివ్వడం మీ దయాధర్మం మీద ఆధారపడేది కాదు. 2014 ఆగస్టులో, వ్యాపారంలో పోటీ సవ్యంగా జరుగుతోందో లేదో చూసే కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి కలిపి 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది దీని గురించే. విడిభాగాలు, స్కానింగ్ పరికరాలు, సాంకేతిక పుస్తకాలు బయటి మెకానిక్‌లకి అందకుండా చేస్తున్నారని. బయట సర్వీసు చేయిస్తే వారంటీ మొత్తం రద్దనే గంపగుత్త షరతు పెట్టొద్దనీ అందులో చెప్పింది. అప్పీళ్లు, జరిమానా లెక్కలు తర్వాత సంవత్సరాల తరబడి నడిచాయి, ఆ లెక్కలు నాకు అక్కర్లేదు. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ (బాగుచేయించుకునే హక్కు) పోర్టల్ తెచ్చింది, అందులో ఆటోమొబైల్ రంగమూ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాడికి తెలియాల్సిన సమాచారాన్ని కావాలని దాచడం సేవాలోపం కిందికే వస్తుంది. మాస్టారు నాలుగుసార్లు అడిగిన ప్రశ్నకి జవాబు మీ పుస్తకంలోనే ఉంది. దాన్ని ఆయనకి చెప్పకపోవడాన్ని ఏమనాలో మీరే ఆలోచించండి.

దీనికి పూర్తి వ్యతిరేకంగా జరిగే తప్పూ ఒకటుంది, దాన్నీ ఆపండి. కొన్నిచోట్ల ఇరవై వేలకే "గేర్‌బాక్స్ ఫ్లష్" అని బిల్లులో కలుపుతున్నారు. లక్షన్నర తిరిగి, ఎప్పుడూ ఆయిల్ మార్చని బండికి మిషను పెట్టి ప్రెషర్‌తో కడుగుతున్నారు. అడుగున పేరుకున్న మడ్డి లేచి వాల్వ్ బాడీ సన్నటి దారుల్లో ఇరుక్కుంటే, నడుస్తున్న బండి కాస్తా మర్నాడు మొరాయిస్తుంది. "ఆయిల్ మారిస్తే గేర్‌బాక్స్ పోతుంది" అనే భయం జనంలో పుట్టింది ఇట్లాంటి పనుల వల్లనే. అట్లాంటి బండికి మాస్టారి కారుకి చేసినట్టు కొంచెం కొంచెంగా మార్చడమే నేను చూసినంతలో క్షేమం. ముందు పాన్ విప్పి, అందులో ఏముందో యజమానికి చూపించి, అప్పుడు నిర్ణయించాలి. ఇనుప పెళ్లలు కనపడితే డబ్బు తీసుకోకుండా నిజం చెప్పి పంపాలి.

కాబట్టి మిమ్మల్ని అడిగేది ఇది. మన దేశంలో అమ్మే ప్రతి ఆటోమేటిక్ కారు పుస్తకంలో మన ఎండకీ మన ట్రాఫిక్‌కీ తగిన పట్టికనే మొదట వేయండి. గేర్‌బాక్స్ రకం, ఆయిల్ పేరు, దింపినప్పుడు ఎంత పడుతుంది, లెవెల్ ఎన్ని డిగ్రీల దగ్గర చూడాలి, ఎన్ని కిలోమీటర్లకి లేదా ఎన్నేళ్లకి మార్చాలి అన్నీ బానెట్ కింద స్టిక్కరు మీద రాయండి. సర్వీసు కార్డు మీద తెలుగులో, తమిళంలో, హిందీలో, ఏ రాష్ట్రంలో అమ్మితే ఆ భాషలో రాయండి. ఇప్పటికే అమ్మేసిన బండ్లకి ఫోన్ మెసేజ్ పంపండి. ఇన్సూరెన్స్ రెన్యువల్ చేసుకోమని నెలకి నాలుగు మెసేజ్‌లు పంపగలిగినవాళ్లకి ఇదేం కష్టం కాదు. మీ అడ్వైజర్లకి శిక్షణ ఇవ్వండి. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు, వాళ్లకి నేర్పింది వాళ్లు చెబుతున్నారు. ఆయిల్ మార్చినప్పుడు బిల్లులో ఏ ఆయిల్, ఎన్ని లీటర్లు అని రాయించండి. మాస్టారి ఫైలులో అన్ని బిల్లులున్నా గేర్‌బాక్స్ గురించి ఒక్క అక్షరం లేదు.

ఈ పని మొత్తం మీ సర్వీస్ సెంటర్లలోనే జరిగినా నాకు బాధ లేదు. నాకు చేతినిండా పని ఉంది. లారీలు ఎటూ పోవు. టైముకి ఆయిల్ మార్చిన బండి నా దగ్గరికి రాకపోయినా సంతోషమే. తీరా గేర్‌బాక్స్ అరిగాక వచ్చి, "ఏమైనా చేయగలరా" అని నిలబడే మనిషి మొహం చూడటం మాత్రం నాకు కష్టంగా ఉంది.

మీ ఇంజనీర్లలో ఎవరైనా రావాలనుకుంటే మే నెలలో రండి. రాత్రి లిఫ్ట్ మీద పెట్టిన బండి ఉంటుంది, తెల్లవారి అయిదున్నరకి బోల్టు విప్పుతాం. ఏ కంపెనీ బండైనా సరే, దిగిన ఆయిల్ గాజు సీసాలో పట్టి, కిలోమీటర్లు రాసిన చీటీ అంటించి అలమారలో దాచాను. వరసగా పెట్టి చూపిస్తాను.

ఇట్లు,
జవహర్ ఆటోనగర్, విజయవాడలో గేర్‌బాక్సుల పని చేసే ఒక మెకానిక్